ముగ్గులో వదిలేసిన ఇల్లు

కాశిబుగ్గ దాటాక, మూతపడిన నూనె మిల్లు వెనక ఒక బస్తీ ఉంది. అక్కడ ఎవరికి ఏ పని పడ్డా ముందు లిదియా తలుపే తట్టేవారు. పింఛను ఆగినా, నల్లా రాకపోయినా, ఆధార్‌లో పిల్ల పేరు తప్పు పడినా లిదియక్కే దిక్కు. ఆమె మహిళా సంఘాల ఆర్పీ. అంటే బస్తీకీ మున్సిపాలిటీకీ మధ్య చెప్పులు అరగదీసుకునే మనిషి అన్నమాట. పని అయితే సారు మంచోడనేవారు, కాకపోతే లిదియక్క పట్టించుకోలేదనేవారు. ఆమె రెండింటికీ ఒకేలా తల ఊపేది.

నర్సంపేట పక్క పల్లెలో సెలవుల్లో పత్తి ఏరుతూ పది పాసైన పిల్ల, మోటార్లకు వైండింగ్ చేసే డేవిడ్‌ను చేసుకుని ఈ బస్తీకి వచ్చింది. పిల్లలు కలగలేదు. చర్చిలో ఆడవాళ్లు కొన్నేళ్లు పట్టుబట్టి ప్రార్థనలు చేశారు, తర్వాత వాళ్లకే విసుగొచ్చి మానేశారు. డేవిడ్ మాత్రం ఎవరైనా ఆ మాట ఎత్తితే, "ఇద్దరం ఉన్నం గదా, ఇల్లు నిండనే ఉన్నది" అని నవ్వేసేవాడు. ఆ ఇల్లు ఎంతని, ఒక గది, ఒక వంట వసారా. నిజంగానే నిండుగా ఉండేది, సగం రాగి తీగలతోనే.

డేవిడ్ ఎండాకాలంలో పోయాడు. మధ్యాహ్నం గల్లీలోని తన దుకాణంలో ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. మోరీ కోసం గల్లీ అంతా తవ్వి పెట్టడంతో ఆటో లోపలికి రాలేదు. నలుగురు మంచం మీద మోసుకుని మెయిన్ రోడ్డుకు తెచ్చేసరికే ప్రాణం పోయింది. ఆ వేళకు లిదియా ఎవరిదో పింఛను కోసం ఒక ఆఫీసు వరండాలో కూర్చుని ఉంది.

ఆమె ఏడవలేదు. సమాధి దగ్గర కూడా ఏడవలేదు. గుండె రాయి చేసుకుందని అందరూ మెచ్చుకున్నారు. ఆమె చేసుకున్నదేమీ లేదు, అదే అలా అయిపోయింది. పదిరోజులకే సంచీ భుజాన వేసుకుని మళ్లీ ఆఫీసుల చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. వండుకునేది, తినేది, కూరలో ఉప్పు పడిందో లేదో తెలిసేది కాదు. పక్కింటి ఫాతిమా బేగం గోడ మీదుగా గిన్నె అందిస్తే తీసుకునేది, మర్నాడు కడిగి తిరిగి ఇచ్చేది.

చలికాలంలో మున్సిపాలిటీ ప్లానింగ్ విభాగం నుంచి మానస అనే అమ్మాయి వచ్చింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల, కళ్లనిండా ఉత్సాహం. చైనాలో పెద్ద పెద్ద నగరాల్లో ఇంటి నుంచి పావుగంట నడిస్తే చాలు, దవాఖాన, పసిపిల్లలను చూసుకునే గది, ముసలివాళ్లకు మధ్యాహ్నం భోజనం, అన్నీ దొరికేలా కడుతున్నారని ల్యాప్‌టాప్‌లో బొమ్మలు చూపించింది. ఇక్కడ అంత కాకపోయినా అన్నిటికీ కలిపి ఒక చిన్న భవనం కట్టొచ్చు, దానికి జాగా ఉన్న బస్తీ కావాలి అని చెప్పింది. ఆ తెరలో మెరుస్తున్న బిల్డింగులను చూసి బస్తీ ఆడవాళ్లు, వాటికి కరెంటు బిల్లు ఎంత వస్తుందో అని ముందు బెంగపడ్డారు. తర్వాత ఒక్కొక్కరే నోరు విప్పారు. ఫాతిమాకు మనవరాలు రుహీని వదిలి పనికి పోయేందుకు చోటు కావాలి. మిగతా అందరికీ దవాఖాన కావాలి.

"గల్లీల దవాఖాన ఉంటే మా డేవిడ్ బతుకుతుండె," అంది గల్లీలో అందరికన్నా పెద్దదైన సమ్మమ్మ. ఆ మాట దగ్గర మానస పెన్ను ఆపి లిదియా వైపు చూసింది. లిదియా కుర్చీలు సర్దుతోంది.

బస్తీ పటం బస్తీవాళ్లే గీయాలని మానస పట్టుబట్టింది. కాగితం మీద గీయమంటే ఆడవాళ్లు సిగ్గుపడతారు, నేల మీద ముగ్గుతో గీయమంటే చేతులు వాటంతట అవే ఆడతాయి. మిల్లు ముందు గచ్చు ఊడ్చి నీళ్లు చల్లారు. బస్తీలో సమ్మమ్మ చేతి ముగ్గుకు తిరుగులేదు కాబట్టి గల్లీలు, ఇళ్లు గీయడం ఆమె పని. ఏ ఇంట్లో ఎంతమంది ఉంటే ఆ గడిలో అన్ని చింతగింజలు పెట్టాలి. గింజల గిన్నె పట్టుకుని లిదియా పక్కనే నిలబడింది.

సమ్మమ్మ వరుసగా గడులు గీస్తూ వచ్చింది. మొదట కట్టయ్య ఇల్లు, ఆ తర్వాత కుట్టు మిషన్ వాళ్ల ఇల్లు. లిదియా ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి గాలిలో ఆగింది. ఒక్క క్షణం వేళ్ల మధ్య పిండిని అలాగే బిగించి, ఆ ఇంటంత చోటు వదిలేసి, ఫాతిమా ఇల్లు గీయడం మొదలుపెట్టింది. చావు జరిగిన ఇంటి ముందు ఏడాది తిరిగేదాకా ముగ్గు పెట్టకూడదన్నది సమ్మమ్మ పుట్టినప్పటి నుంచీ పాటిస్తున్న పద్ధతి. కిరస్తానీ ఇల్లయినా, ఉత్త పటమే అయినా, ఆమె చేతికి ఆ తేడా తెలియలేదు. చూసిన ఆడవాళ్లందరికీ సంగతి అర్థమైంది, మానసకు చెప్పాలని మాత్రం ఎవరికీ తట్టలేదు. లిదియాకూ అర్థమైంది. గిన్నె పట్టుకుని ముందుకు నడిచింది. మానస మిల్లు మేడెక్కి పైనుంచి ఫోటోలు తీసుకుంది.

కొన్ని వారాలకు మిల్లు గోడ మీద రంగుల ఫ్లెక్సీ వెలసింది. గల్లీలు, పచ్చని చెట్లు, నడుమ ఒక ఎర్రని గడి. దాని మీద 'ఖాళీ స్థలం, సేవా భవనం' అని రాసి ఉంది. లేని చెట్లను చూసి మురిసిపోవడంలో పడి ఆ గడి ఎక్కడుందో ఎవరూ చూడలేదు. భూమి కాగితాలు చూడటం ఆఫీసులో ఆఖరి పని, బొమ్మ గీయడం మొదటి పని. సభ పెట్టి, ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తమన్నారు. లిదియా ఆ ఎర్ర గడిని చూసింది. అటు కుట్టు మిషన్ వాళ్లు, ఇటు ఫాతిమా. మధ్యలో ఉన్నది తన ఇల్లే. అందరితో పాటు చెయ్యెత్తింది.

దవాఖాన వస్తుందని కాదు, త్యాగమూ కాదు. ఆ గడి మీద రాసిన మాట తప్పని ఆమెకు అనిపించలేదు, అంతే.

కొలతలు తీసేవాళ్లు టేపు పట్టుకుని వచ్చిన రోజు గల్లీలో నిలబడి దిక్కులు చూశారు. ఖాళీ జాగా అన్నచోట ఇల్లుంది, దండెం మీద చీర ఆరుతోంది. లిదియా వాళ్లకు మంచినీళ్లు ఇచ్చి, ఇదే జాగా అని చెప్పింది. టేపుకు అడ్డం వస్తుందని మంచం పక్కకు జరిపింది. గోడ మీదుగా అదంతా చూసిన ఫాతిమా, రుహీని చంకనేసుకుని సమ్మమ్మ కోసం పరుగెత్తింది.

కాసేపట్లో గల్లీ అంతా జమైంది. కొలతలవాళ్లు ఫోన్ చేస్తే మానస కూడా బండి మీద వచ్చింది. సమ్మమ్మ ఎవరినీ పలకరించకుండా నేరుగా లిదియా ముందుకొచ్చి నిలబడింది.

"నీ ఇల్లు గుంజుకుంటాంటే చెయ్యెట్ల లేపినవే?"

"ఖాళీ అని రాసిండ్రు గదా సమ్మవ్వా," అంది లిదియా. గొంతులో కోపం లేదు, బాధా లేదు. "ఖాళీగనే ఉన్నది."

సమ్మమ్మ అలాగే గడప మీద కూలబడింది. ఆ ఇల్లు పటంలో ఎందుకు లేదని మానస అడిగితే, తల ఎత్తకుండానే చెప్పింది. "చావైన ఇంటికి ముగ్గెట్ల పెడతం మేడం. మర్యాదకు వదిలిపెట్టిన. నా చేత్తోనే దీని ఇల్లు తుడిచేసిన." మానస పైనుంచి ఫోటో తీసి, కిందికి దిగి ఒక్కసారి గల్లీలో నడిచి చూడనందుకు తననే తిట్టుకుని, ఆ సంగతి అందరి ముందూ ఒప్పుకుంది. ఆ తర్వాత ఉన్న సంగతి దాచకుండా చెప్పింది. ఈ బస్తీలో వేరే జాగా లేదు, ఇది కాదంటే భవనం పక్క వార్డుకు పోతుంది.

చేతికందిన దవాఖాన పోతోందంటే ఎవరికి మాత్రం బాధ ఉండదు. కట్టయ్య గొణగబోయాడు, వాళ్లావిడ చూసిన చూపుకు దగ్గి ఊరుకున్నాడు. అందరికన్నా ఎక్కువ ఆశ పెట్టుకున్న ఫాతిమాయే ముందుకొచ్చింది.

"మా గల్లీల ఖాళీ లేదు బేటీ. గట్లనే రాసుకో."

పటం మార్చాలంటే కొత్త ఫోటో కావాలి. మళ్లీ గచ్చు ఊడ్చారు, నీళ్లు చల్లారు. సమ్మమ్మ వరుసగా గీసుకుంటూ కుట్టు మిషన్ వాళ్ల ఇంటి దాకా వచ్చి ఆగింది. ముగ్గు గిన్నె లిదియా చేతిలో పెట్టింది.

"ఏడాది కాకున్నా పర్వలేదు బిడ్డా. నీ ఇల్లు, నువ్వే పెట్టు."

లిదియా వంగి నాలుగు గీతలు గీసింది. ఆమెకు ముగ్గు క్రిస్మస్‌కు నక్షత్రం వేసేంత వరకే వచ్చు, గీతలు వంకరపోయాయి. గుమ్మం ఎటుందో అటు కొంచెం సందు వదిలింది. ఈసారి గింజల గిన్నె పట్టుకున్నది ఫాతిమా. లిదియా చూడకుండానే అందులో చెయ్యి పెట్టి గింజలు తీసింది. ఇన్నేళ్లుగా రేషన్ కార్డు కోసం వచ్చిన వాళ్లకూ, ఓటర్ల పేర్లు రాసుకోవడానికి వచ్చిన వాళ్లకూ చెప్పిన లెక్కే వేళ్లకు గుర్తుంది. అరచేతిలో చూసుకుంటే రెండున్నాయి.

ఒకటి గడిలో పెట్టింది. రెండోది ఎక్కడ పెట్టాలో తెలియలేదు. గిన్నెలో తిరిగి వేయడానికి చెయ్యి చాపింది, పిడికిలి తెరుచుకోలేదు. ఎండాకాలం నుంచి ఎక్కడ దాక్కుందో ఆ నొప్పి, ఒక్కసారిగా ఛాతీలోకి వచ్చి పడింది. లిదియా ఆ తడి గచ్చు మీద కూర్చుని, పిడికిలి ఒళ్లో పెట్టుకుని, గొంతు విప్పి ఏడ్చింది.

సమ్మమ్మ పక్కన కూర్చుంది. ఫాతిమా గిన్నెను వెనక్కి తీసుకుంది, గింజ ఇమ్మని అడగలేదు. మేడ మీద మానస ఫోన్ దించి, ఆమె లేచేదాకా ఆగింది.