సాంబయ్య బాబాయి మోసిన ఎండుగడ్డి

మా చిన్నతనంలో మాఘమాసం వచ్చిందంటే గొడ్లకు పండగే... వరికోతలయ్యాక మాగాణిలో మేతకని చల్లిన పిల్లిపెసర అప్పటికి మోకాలెత్తు పెరిగేది. నెలల తరబడి ఎండుగడ్డి నమిలి విసిగిన గొడ్లు ఆ పచ్చదనం కనబడగానే పలుపులు తెంచుకోబోయేవి...

కానీ మా పామర్రు వైపు ఓ పద్ధతుంది. పిల్లిపెసర మీదికి తోలే ముందు ప్రతి గొడ్డుకీ సగం కడుపు ఎండుగడ్డి పెట్టాలి. ఖాళీ కడుపుతో తడి పిల్లిపెసర మేస్తే డొక్క ఉబ్బిపోతుంది. మా నానమ్మకి ఇది వేదం.

స్వాతంత్ర్యం రావడానికి రెండు మూడేళ్ల ముందు మాట. నాకు తొమ్మిదేళ్లు. ఆ ఏడు ఆకాశానికి పిచ్చి పట్టింది... పొద్దున ఎండ, మధ్యాహ్నం వాన! గాలికి మా గడ్డివాము మీద కప్పిన తాటాకులు ఎగిరిపోయి, గడ్డంతా తడిసి బూజు పట్టింది. గొడ్లు మూతి కూడా పెట్టలేదు.

పక్కింట్లో సాంబయ్య బాబాయి... నానమ్మకి చెల్లెలి కొడుకు. తల్లి పోతే నానమ్మ చేతి ముద్దలు తినే పెరిగాడు. ఆయన వాము మాత్రం పొడిగా, మేడంత ఎత్తున ఉంది. నానమ్మ నన్ను వెంటబెట్టుకుని వెళ్లి అడిగింది.

"నాలుగు మోపులు ఇవ్వరా సాంబయ్యా. గొడ్లను రేపు చేలోకి తోలాలి."

"మా ఎడ్లకే చాలదు పెద్దమ్మా," అన్నాడు. వాముకి ఆనుకుని నిలబడే అన్నాడు!

రెండు రోజులు కుడితితో నెట్టుకొచ్చాం. మూడోనాడు ఎండ కాసింది కదా అని ఆశపడి తోలేశాం. గంటకే వాన దిగింది... ఆకలి మీదున్న మా పెయ్య, నేను పుట్టెడు ముద్దులు చేసి పెంచుకున్న గంగ, తడి పిల్లిపెసర ఆబగా మేసింది. నానమ్మ పరుగున వచ్చేసరికే గట్టు పక్కన కాళ్లు చాపేసింది.

నేను అన్నం మానేశాను. ఏడుపు కూడా రాలేదు. బాబాయి వాకిలి ముందు నిలబడి, 'నీ ఎద్దు కూడా ఇలాగే పోవాలి' అని మనసులో శాపనార్థాలు పెట్టాను.

ఇన్నేళ్లకు చెబుతున్నా... శాపంతో ఊరుకోలేదు. నాలుగోనాడు తెల్లారి, చినుకులు పడి వెలిశాక, బాబాయి ఎడ్లను గట్టున కట్టి గడ్డి తేవడానికి ఇంటికెళ్లాడు. ఒక ఎద్దు పలుపు ముడి విప్పి, తడి పిల్లిపెసరలోకి వదిలింది నేనే.

కాసేపటికి మా వాకిట్లో కేకలు.

"పెద్దమ్మా! ఎద్దు ఉబ్బిపోయింది... నీ కాళ్లు పట్టుకుంటా, రా పెద్దమ్మా!"

అబ్బ, ఎంత హాయిగా ఉందో! "వెళ్లకు నానమ్మా, చావనీ!" అన్నాను.

నానమ్మ నా బురద కాళ్లు చూసింది. మొహం చూసింది. అంతా అర్థమైపోయింది.

"నోరు లేని ఎద్దు నిన్నేం చేసిందే? నడు... ఇంగువ, ఆముదం పట్రా."

వెదురు గొట్టంతో మందు పోసి, నోట్లో అడ్డంగా వేపపుల్ల కట్టి, ఎడమ డొక్క రుద్దుతూ కూర్చుంది. తల పట్టుకోమని నన్నే కూర్చోబెట్టింది. ఆ ఎద్దు కళ్లు అచ్చం గంగ కళ్లే... సిగ్గుతో చచ్చిపోయాను. అది పెద్దగా త్రేన్చి లేచి నిలబడ్డప్పుడు బాబాయి కంటే నేనే ముందు ఏడ్చాను.

నానమ్మ చేతులు కడుక్కుని అంది... "సాంబయ్యా, ఆ నాలుగు మోపులు ఇప్పుడియ్యి."

"అయ్యో, బండికేసి తోలిస్తా పెద్దమ్మా."

"బండెందుకురా? నెత్తిన పెట్టుకురా. నువ్వే."

తెచ్చాడు! నాలుగు విడతలు, ఊరంతా చూస్తుండగా. నానమ్మ గంగ మేత మేసిన గాడి చూపించింది.

"అందులో వెయ్యి."

"ఇక్కడ మేసే గొడ్డు లేదుగా పెద్దమ్మా..."

"తెలుసు. వెయ్యి."

బాబాయి వంగి, ఆ ఖాళీ గాడిలో గడ్డి పరిచాడు. తల ఎత్తలేదు. నేను అరుగు మీద కూర్చుని నాలుగు మోపులూ లెక్కపెట్టుకున్నాను.

ఇప్పుడక్కడ గొడ్లూ లేవు, పిల్లిపెసరా లేదు. కోత మిషను పోగానే పొలంలోనే గడ్డికి నిప్పు పెట్టేస్తున్నారు... ఆ పొగ చూసినప్పుడల్లా నాకు గంగే గుర్తొస్తుంది.

మొన్న బాబాయి మనవడు ఫ్రెండ్ రిక్వెస్ట్ పెట్టాడు. మంచి కుర్రాడేనట. ఎద్దు మీద కోపం ఆ పూటే పోయింది... బాబాయి మీద మాత్రం నాకు ఎనభై దాటినా పోలేదు. రిక్వెస్ట్ అలాగే ఉంచాను.

మీ లోపలా ఇలాంటి చిన్ననాటి కసి ఏదైనా మిగిలి ఉంటే కింద రాయండి... నేనొక్కదాన్నే మొండిదాన్నంటే మాత్రం ఒప్పుకోను.