పళ్ళెంలో వడ్డించిన రొట్టె

రుద్రవ్వకు ఎం.ఏ.లో సీటు వచ్చిందన్న కబురు మోసుకొచ్చినవాడు ఈరణ్ణ. ధార్వాడ యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్ మెస్సుకు ఆయన సూపర్‌వైజరు. మంచి కబురైనా చెడ్డ కబురైనా వంటింటి గుమ్మంలో నిలబడి గావుకేకలు పెట్టి చెప్పకపోతే ఆయనకు తిన్నది అరగదు.

"ఏమే రుద్రవ్వా, లిస్టులో నీ పేరుందే! హిస్టరీ! ఇంక మా జొన్నపిండి గతి ఏం కాను తల్లీ?"

రొట్టె తడుతున్న రుద్రవ్వ చెయ్యి ఆగలేదు. మధ్యలో ఆపితే అంచు చిట్లిపోతుంది. ఎదురుగా పొయ్యి దగ్గర కూచున్న నీలవ్వ, పెనం మీది రొట్టెకు తడిగుడ్డతో నీళ్ళద్దుతూ, "వచ్చిందా?" అంది.

"వచ్చినట్టే ఉందక్కా."

"రాక ఏం చేస్తుందే. ఇన్నేళ్ళూ ఆ చాళుక్యులూ వాళ్ళ గొడవలూ చెప్పి నా చెవులు చిల్లులు పొడిచావు. అక్కడ కూడా చెప్పుంటావు, విసుగొచ్చి సీటిచ్చేసుంటారు."

వంటిల్లంతా నవ్వింది. నీలవ్వ కూడా నవ్వింది. కానీ ఆ పూట ఆమె ఒక రొట్టె మాడ్చింది. నీలవ్వ చేతిలో రొట్టె మాడడం అక్కడెవరూ చూసి ఎరగరు. పొయ్యి సరిగ్గా లేదని పొయ్యిని నాలుగు తిట్టి ఊరుకుంది.

రుద్రవ్వ ధార్వాడకు వచ్చింది పిన్నమ్మ చెయ్యి పట్టుకుని. తల్లి పోయింది, తండ్రి ఇంకొకామెను తెచ్చుకున్నాడు. పిన్నమ్మ ఈ మెస్సులోనే పాత్రలు తోమేది. ఆమె కూడా జ్వరంతో పోయాక, మెస్సు వెనక రేకుల గదిలో రుద్రవ్వ ఒక్కతే మిగిలింది. పెళ్ళి మాట ఎత్తడానికి ఒక పెద్దదిక్కంటూ ఉండాలి కదా, అది లేదు. కాబట్టి పెళ్ళీ లేదు. అప్పుడు ఆమెను లాక్కెళ్ళి తన ఎదురుగా పిండి ముందు కూచోబెట్టింది నీలవ్వే. అప్పటినుంచి ఒకామె తట్టడం, ఒకామె కాల్చడం. పదిహేనేళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ బతికారు.

చదువు మటుకు రుద్రవ్వ సొంత పిచ్చి. హాస్టలు ఖాళీ చేసి వెళ్ళే పిల్లలు వదిలేసిన పుస్తకాలన్నీ ఆమెవే. ఉల్లిపాయల బస్తా మీద కూచుని చదివి, ప్రైవేటుగా పరీక్షలు రాసి, బి.ఏ. అయిందనిపించింది. పుస్తకం చదివే వంటమనిషిని చూసి ముచ్చటపడని వార్డెన్ లేదు. ముచ్చటపడ్డం తప్ప ఇంకేదైనా చేసిన వార్డెనూ లేదనుకోండి.

ఇక ఆ వంటింట్లో వాళ్ళు తినే తీరు ఒకటుంది. పైన హాల్లో పిల్లలంతా తిని వెళ్ళాక, వంట ఆడవాళ్ళు రొట్టెల బుట్ట చుట్టూ కింద కూచుంటారు. పళ్ళేలుండవు. ఎడమ అరచేతిలో రొట్టె, రొట్టె మీద కూర, పక్కన వేరుశనగ పొడి, ఒక ఉల్లిపాయ. ఎవరి రొట్టె అంచు ఎవరు తుంచుతున్నారో చూసుకునేవాళ్ళుండరు. నీలవ్వ చేతిలోని గుత్తివంకాయను రుద్రవ్వ లాక్కుంటుంది, రుద్రవ్వ కొరికిన పచ్చిమిరపకాయ మిగతా సగం నీలవ్వ నములుతుంది. రోజుకు ఆ కాసేపే వాళ్ళ నోళ్ళకు పగ్గాలుండవు. రుద్రవ్వ బతుకులో ఇల్లు అనదగ్గది ఏదన్నా ఉంటే అదే.

సీటు వచ్చిన మధ్యాహ్నం, బుట్ట చుట్టూ అందరూ కూచున్నాక, నీలవ్వ లేచి హాల్లోంచి పిల్లలు తినే స్టీలు పళ్ళెం ఒకటి తెచ్చింది. అందులో రెండు రొట్టెలు మడిచి పెట్టి, గిన్నెలో కూర వేసి, రుద్రవ్వ ముందు పెట్టింది.

"ఇదేంటక్కా?"

"అక్కోరికి పళ్ళెం లేకుండా ఎలా పెడతామే?" అంది. అక్కోరంటే ఆ వైపు బళ్ళో టీచరమ్మను పిలిచే పిలుపు. అందరూ పకపకా నవ్వారు. "జరగండే, అక్కోరు తింటున్నారు, మీ ఎంగిళ్ళు పడతాయి!" అని ఇంకొకామె అంటించింది. రుద్రవ్వ కూడా కడుపుబ్బ నవ్వింది. ఒక్కరోజు వేళాకోళం కదా అనుకుంది.

మర్నాడూ పళ్ళెం వచ్చింది. ఆ మర్నాడు పళ్ళెంతో పాటు పీట కూడా వచ్చింది. పీట మీద కూచుంటే బుట్ట దూరమయింది. రుద్రవ్వ పీట తోసేసి కిందికి జరిగితే, పక్కనున్న ఆడవాళ్ళు సర్దుకుని చోటిచ్చారు. ఆ చోటివ్వడమే ఆమెకు చురుక్కుమంది. నిన్నమొన్నటిదాకా మోచెయ్యి మోచేతికి తగులుతూ కూచునేవాళ్ళు, బస్సులో ఎవరో పెద్దమనిషి ఎక్కినట్టు సర్దుకోవడమేంటి?

తర్వాత పని పోయింది. "పెన్ను పట్టుకునే చెయ్యి, కాయలు కాస్తే రాత రాదు," అని నీలవ్వ ఆమె ముందునుంచి పిండి తీసేసింది. ఆ చోట్లో లక్కవ్వ అనే కొత్తపిల్లను కూచోబెట్టింది. లక్కవ్వ తట్టిన రొట్టెలు ఏ దేశం పటంలాగో వస్తున్నాయి. అయినా నీలవ్వ ఒక్క మాట అనడం లేదు. రుద్రవ్వ మొదట్లో తట్టిన రొట్టెలకయితే ఆ నోరు ఊరంతా వినబడేది.

చదువుకోబోయే మనిషికి సామానంటూ ఏముంటుంది? చలువ కళ్ళద్దాలు కాదు గానీ, దగ్గరి అక్షరాలకు అద్దాలు చేయించుకుంది. సంచీ ఒకటి కొనుక్కుంది. ఏ రంగు కొనాలో అడగడానికి నీలవ్వను బజారుకు రమ్మంటే, "నాకేం తెలుస్తుందే కాలేజీ సంచుల సంగతి," అని తప్పించుకుంది. చింతపండు రంగు దగ్గర్నుంచి రుద్రవ్వ చీర అంచుదాకా అన్నింట్లో తల దూర్చే మనిషికి సంచీ సంగతి తెలియదట! రుద్రవ్వ ఒక్కతే వెళ్ళి, దుకాణంవాడు ఏదిస్తే అది పట్టుకొచ్చింది.

రేకుల గది పనివాళ్ళది. చేరబోయే విద్యార్థిని అక్కడ ఉండకూడదని వార్డెనమ్మ అంది, మర్యాదగానే అంది. రుద్రవ్వ పెట్టె మేడ మీదికెక్కింది. గదిలో సహనా అని సిర్సి పిల్ల, ఇరవై రెండేళ్ళుంటాయి. మంచిదే, "ఆంటీ, కిటికీ పక్క మంచం మీరు తీసుకోండి," అంది. రోజూ ఫోన్లో తల్లితో మాట్లాడేది. ఒకరోజు ఆ తల్లి గొంతు గదంతా వినబడింది. "వంటామె నీ గదిలోనే ఉందటగా, ఇంకేం, నీకు మధ్యమధ్య ఏదన్నా చేసిపెట్టమను!" సహనా ముఖం కందగడ్డయింది. "అలాంటిదేం కాదమ్మా, ఆమె నా క్లాసే," అని గొంతు తగ్గించింది. రుద్రవ్వ దుప్పటి దులుపుతూ వినబడనట్టే ఉండిపోయింది. కింద వాళ్ళకు తను పైమనిషి. పైన వాళ్ళకు కిందిమనిషి. మెట్ల మీద కాపురం పెట్టమన్నా బాగుండేది.

ఇంతలో శ్రావణం వచ్చింది, నాగపంచమి వచ్చింది. పంచమికి పుట్టింటికి వెళ్ళని ఆడది ఆ వైపు ఉండదు. రకరకాల ఉండలు చుడతారు, చెట్టుకు ఉయ్యాల కట్టి ఊగుతారు, పెళ్ళయి పిల్లలున్న ఆడవాళ్ళు కూడా రెండు రోజులు పిల్లలైపోతారు. రుద్రవ్వకు పుట్టిల్లేది? నీలవ్వ పుట్టిల్లే. ఏటా తనతో పాటు వాళ్ళ ఊరు హాళకట్టికి తీసుకెళ్ళేది. నీలవ్వ తల్లి ఇద్దరికీ ఒకే రకం రవికె గుడ్డలు పెట్టేది. ముసలామె ఒళ్ళో తల పెట్టుకుని నువ్వుల ఉండలు తినడం రుద్రవ్వకు ఏడాది పొడుగునా సరిపోయే పండగ.

ఈసారి కూడా పిలుపు వస్తుందని రుద్రవ్వ రెండు చీరలు మడతపెట్టి ఉంచుకుంది. పొద్దున్నే కిందికి దిగి చూస్తే పొయ్యిలన్నీ చల్లగా ఉన్నాయి. "నీలవ్వ మొదటి బస్సుకే పోయిందే," అన్నాడు ఈరణ్ణ తాళాలు వేస్తూ. "నువ్వు పోలేదా?"

"నాకు చదువుకునేది ఉందన్నా," అంది రుద్రవ్వ. అంతకంటే ఏమని చెప్పుకుంటుంది?

హాస్టల్లో పిల్లలు కూడా ఎక్కడివాళ్ళక్కడ ఊళ్ళకు పోయారు. సహనా కూడా పోయింది. ఆగని ముసురు. తడిబట్టలు వరండా అంతా వేలాడుతున్నాయి. రుద్రవ్వ పుస్తకం తెరిచింది, ఒక్క అక్షరం బుర్రకెక్కలేదు. అన్ని గదులున్న అంత పెద్ద భవనంలో తను తుమ్మితే ఆ తుమ్ము తనకే తిరిగి వినబడింది. పిన్నమ్మ పోయిన రోజున కూడా ఇంత ఒంటరిగా అనిపించలేదు. ఆ రోజు నీలవ్వ పక్కనే ఉంది.

పండగయ్యాక నీలవ్వ ఉండలు పంపింది. తను తేలేదు, లక్కవ్వతో పంపింది. మిఠాయి దుకాణం వాళ్ళిచ్చే అట్టపెట్టెలో, పైన తెల్లకాగితం పరిచి, వార్డెనమ్మకు పంపినట్టుగా. దాన్ని చూడగానే రుద్రవ్వకు ఒళ్ళు మండిపోయింది. పెట్టె చేత పట్టుకుని గబగబా వంటింట్లోకి దిగింది.

అప్పుడే వంట మొదలయింది. నీలవ్వ పొయ్యి ఊదుతోంది.

"అక్కా, నేను చేరడం లేదు."

నీలవ్వ తలెత్తలేదు. "దేంట్లో?"

"చదువులో. రేపు పొద్దున ఆఫీసుకెళ్ళి చెప్పేస్తా. నా చోట్లో నేనే కూచుంటా. లక్కవ్వకు కూరగాయల పని అప్పజెప్పు."

"ఏం, ఏమొచ్చింది?"

"ఏమొచ్చిందంటావేంటి? పంచమికి నన్నొదిలేసి పోయావు. ఇంటికొచ్చిన చుట్టానికి పెట్టినట్టు పళ్ళెం పెడుతున్నావు. నేనేం పాపం చేశానక్కా? నాకున్నదే నువ్వొక్కదానివి. చదువొస్తే నువ్వు పోతావంటే, నాకా చదువక్కర్లేదు."

లక్కవ్వ పిండి వదిలి గోడవైపు తిరిగింది. నీలవ్వ ఊదుగొట్టం కింద పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పిలిస్తే వచ్చేదానివి," అంది. "వచ్చి మా అమ్మ ఒళ్ళో పడి, మిమ్మల్నొదిలి ఎక్కడికి పోతానని ఏడ్చేదానివి. ఆ ముసల్ది ఏడ్చేది. నేనేడ్చేదాన్ని. ముగ్గురం ఏడ్చాక నువ్వెక్కడికి పోతావే? మళ్ళీ ఈ బూడిదలోకే."

"వస్తే ఏంటంట?"

"వస్తే కొరివి తీసుకుని తరుముతా. నిజంగానే తరుముతా, నా సంగతి నీకు తెలుసు. ఇక్కడ నీ చోటు లేదు. ఆ పిల్ల తడుతుంది, నేను కాలుస్తా."

"దానికి తట్టడమే రాదు!"

"నీకు మాత్రం మొదట వచ్చిందా?" నీలవ్వ ఊదుగొట్టం మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "రుద్రీ, నిన్ను పంపాలి, నిన్ను అట్టిపెట్టుకోవాలి, రెండూ చెయ్యమంటే నా వల్ల కాదు. నాకు ఒక్కటే చేతనవుతుంది. ఇంక పైకి పో."

రుద్రవ్వ నిలబడి చూసింది. నీలవ్వ మళ్ళీ పొయ్యి వైపు తిరిగింది, ఎంత ఊదినా మంట లేవడం లేదు. ఉండల పెట్టె పట్టుకుని రుద్రవ్వ మెట్లెక్కింది.

క్లాసులు మొదలయిన రోజున ఆమె గదిలోకి అడుగు పెట్టగానే పిల్లలంతా లేచి నిలబడ్డారు. టీచరనుకున్నారు పాపం. ఆమె వెళ్ళి వెనక బెంచీలో కూచోవడంతో కిసుక్కున నవ్వుకుని వాళ్ళూ కూచున్నారు. సహనా ముందు వరసలోంచి చెయ్యూపింది గానీ, ఆ పక్కనున్న కొత్త స్నేహితురాలితో మాటల్లో పడిపోయింది. మాస్టారు బాగా చెప్పాడు. చాలా బాగా చెప్పాడు. కోరుకున్నది చేతికందితే ఎలా ఉంటుందో రుద్రవ్వకు ఆ గంటసేపూ తెలిసింది. గంట కొట్టాక, ఇదంతా ఎవరికి చెప్పాలో తెలియలేదు.

మధ్యాహ్నం పళ్ళెం పట్టుకుని పిల్లల వరసలో నిలబడింది. అవతల వడ్డిస్తున్నది నీలవ్వే. రుద్రవ్వ వంతు రాగానే అందరికీ వేసినట్టే రెండు రొట్టెలు వేసింది, కూర వేసింది. ముఖం చూడలేదు. "జరగండి, వెనక పిల్లలున్నారు," అంది. రుద్రవ్వ ఒక బల్ల చివర కూచుని తినేసింది. లక్కవ్వ చేతి రొట్టె కాస్త కుదురుకుంది.

తిన్నాక పళ్ళెం తీసుకుని వెనక కుళాయి దగ్గరికి వెళ్ళింది. పిల్లలు పళ్ళేలు తొట్లో పడేసి పోతుంటారు, వంటవాళ్ళే కడుగుతారు. తన పళ్ళెం తనే కడుక్కుందామని రుద్రవ్వ కుళాయి తిప్పింది. వెనకనుంచి నీలవ్వ వచ్చి, ఆమె చేతిలోంచి పళ్ళెం లాగేసుకుంది.

"క్లాసుకు ఆలస్యమవుతుంది. పో."

"అక్కా, అది నా ఎంగిలి."

నీలవ్వ పీచు తీసుకుని వంగి తోమడం మొదలెట్టింది. ఆ ఇద్దరి మధ్య ఎంగిలన్న మాట పుట్టింది ఆ రోజే. రుద్రవ్వ తడిచేతులు చీరకు తుడుచుకుని నిలబడి ఉండగానే, నీలవ్వ ఆ పళ్ళేన్ని తోమి, అందరి పళ్ళేల మధ్య బోర్లించి, తర్వాతి పళ్ళెం అందుకుంది.