ఆముదం చుక్క మీద మోపిన నేరం

2001 జూలై 9. బరువు రెండు కిలోల వంద గ్రాములు. హిందూపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. ఆపరేషన్ బల్లమీద ధర్మవరం నేతపనివారి పసికందు. అన్నవాహిక పైభాగం మూసుకుపోయి, కింది కొస గాలిగొట్టంలోకి తెరుచుకుని పుట్టిన బిడ్డ. నర్సు ఈశ్వరి బరువు రాసుకుని, కండరాలను సడలించే మందున్న సిరంజిని పట్టుకుంది.

రెండేళ్ల క్రితం ఇదే బల్లమీద, ఇదే లోపంతో, ఆమె అన్న కొడుకు పోయాడు. మత్తు డాక్టరు శ్రీనివాసులు, గొంతులో వేసిన ఊపిరి ట్యూబు గాలిగొట్టంలోని ఆ రంధ్రాన్ని దాటిందో లేదో చూడకుండానే ఈ మందు ఎక్కించాడు. బిడ్డ సొంత ఊపిరి ఆగింది. బయటినుంచి పంపిన గాలి ఊపిరితిత్తులకు చాలక కడుపులోకి పోయింది. కడుపు తప్పెటలా ఉబ్బింది. ఏ నిమిషానికి ఏం జరిగిందో ఆపరేషన్ కాగితంలో రాసింది ఈశ్వరే. బయటికొచ్చి ఆయన ఇంటివాళ్లను ఒక్కటే అడిగాడు: "నోట్లో ఏమన్నా వేసినారా?"

రొద్దం చుట్టుపక్కల పసిబిడ్డలకు నీళ్లు పోసే నరసక్క, ఈశ్వరి అవ్వ, అబద్ధం ఎరగని మనిషి. "ఆచారం కదా నాయనా, ఒక చుక్క ఆముదం నాకించినా" అంది. ఆయన రాసిచ్చిన మరణ పత్రంలో ఆ చుక్కే చావుకు కారణమైంది. ఆనాటి నుంచి ఏ పురిటింటివారూ ఆమెను పిలవలేదు. బోరింగు దగ్గర ఆడవాళ్లు, "ఏమవ్వా, ఆముదం బుడ్డి యాడ పెట్టినావు?" అని నవ్వేవారు.

ఈశ్వరి ఉద్యోగం మానలేదు. కోపాన్ని బూడిద కింద నిప్పులా కాచుకుంది.

ఇప్పుడు అదే శ్రీనివాసులు సిరంజి కోసం చేయి చాచాడు. "ఇవ్వమ్మా."

"ట్యూబు రంధ్రం దాటిందా సార్?"

"నాకే నేర్పిస్తాండావా?"

"బిడ్డ సొంతంగానే ఊపిరి తీస్తాండాది, తొందరేం లేదు. మా అన్న బిడ్డకు దాటకముందే ఇచ్చినారు. మందు అందించిన చేయి నాదే."

బెంగుళూరు నుంచి వచ్చిన సర్జన్ బిడ్డ పొట్టమీద స్టెతస్కోపు పెట్టి విన్నాడు. గాలి కడుపులోకే పోతోంది. ట్యూబు సరిచేసి, మళ్లీ విని, తల ఊపాక గానీ ఈశ్వరి సిరంజి వదల్లేదు. బిడ్డ బతికింది.

సాయంత్రం శ్రీనివాసులు గొంతు తగ్గించాడు. "తప్పయింది. ఇంతటితో వదిలెయ్ తల్లీ."

"నాతో కాదు సార్. మా వీధిలో నిలబడి అవ్వతో చెప్పండి. లేదంటే ఆనాడు నేను వేళలు రాసిన కాగితం నకలు నా కాడ ఉండాది, సర్జన్ సారు చదువుకుంటారు."

మరుసటి వారం ఆయన రొద్దం వచ్చాడు. వీధంతా వింటుండగా, "తప్పు నాది, ఆముదానిది కాదు" అన్నాడు. ఆపై గుక్కెడు నీళ్లు అడిగాడు. ఎంతటి పరాయివాడికైనా ముందు నీళ్ల చెంబు అందించే ఆ ముసలి నరసక్క, "బస్టాండు కాడ అమ్ముతారు, పో నాయనా" అని లోపలికి నడిచింది.

తలుపు గడియ పెట్టింది ఈశ్వరి.