నాన్న కాకుల్ని పిలిచిన పిలుపు

ముందే చెబుతున్నాను, నేను గోరంతను కొండంత చేసే మనిషిని. నేను ‘జ్వరంతో కాలిపోతున్నా’ అంటే అమ్మ ‘ఒళ్ళు కాస్త వెచ్చబడి ఉంటుంది’ అనుకుంటుంది. మీరూ అలాగే తగ్గించుకుని చదవండి.

నాన్న పోయిన పదో రోజు. కాలువ గట్టున విస్తట్లో పిండాలు పెట్టి కాకి కోసం నిలబడ్డాం. కాకి ముట్టకపోతే పోయినవాడికి ఏదో కొరత మిగిలిందని మావాళ్ళ నమ్మకం. పక్క కల్లంలో మిరపకాయలు ఆరబోశారు. ఆ ఘాటుకి మా చుట్టాలు తుమ్మిన తుమ్ములకు కాలువ నీళ్ళు ఎగువకు పారాయి. ఆకాశంలో మాత్రం ఒక్క రెక్క లేదు.

“కావ్, కావ్” అని గొంతు పోయేదాకా అరిచాను.

“మా మద్రాసులో అంత సాగదీయం బామ్మర్దీ. ‘కా, కా’ అంటే చాలు, పంక్తికి కూర్చుంటాయి,” అన్నాడు అక్క మొగుడు.

“మా ఇంగ్లీషు బుక్కులో కూడా ‘కా’నే మావయ్యా! సీ ఏ డబ్ల్యూ,” అంది వాళ్ళమ్మాయి.

నాగపూర్ పత్తి మిల్లులో చేసే మా బాబాయి కొడుకు హిందీలో ‘కాఁవ్ కాఁవ్’ అని ముక్కుతో మొదలెట్టి తుమ్ముతో ముగించాడు. దేశం దేశమంతా పిలిచింది. కాకిజాతి పలకలేదు.

పంతులుగారు ఎండకేసి చూశారు. “ఇంకాసేపు చూద్దామండి. లేకపోతే ఆవుకి పెట్టేద్దాం.”

మా మేనత్త లేచి, “ఇంకేం కావాలన్నయ్యా నీకు?” అని గాలిని అడిగింది. తర్వాత నా వైపు తిరిగింది. “ఒరేయ్, మీ నాన్న రోజూ గోడ మీద ముద్ద పెట్టి కాకుల్ని పిలిచేవాడు గదరా. అట్టా పిలువు. పక్కన కూర్చుని తిన్నోడివి నువ్వేగా!”

ఆ పిలుపు ఏ భాషలోదీ కాదు. కాకి గొంతు కన్నా కాకిలా ఉండేది. కళ్ళు మూసుకుని పిలిచాను. మూడు జిల్లాల కాకులు దిగాయి. మిట్టమధ్యాహ్నం చీకటి పడింది. అందులో ఒక ముసలి కాకి నా ముఖంలోకి చూసి, పిండం ముట్టింది.

తుమ్ములు సగం నిజం. బావ, మేనత్త పూర్తిగా నిజం. కాకులే నా కల్పన. నోరు తెరిచాను, అంతే. ఏళ్ళ తరబడి అన్నం తింటూ విన్న పిలుపు ఎలా ఉండేదో గుర్తు రాలేదు. ఎంత వెతికినా నా గొంతే వినిపించింది. ఇప్పటికీ అంతే.

పిండాలు ఆవుకి పెట్టి ఇంటికొచ్చాం. “కాకి ముట్టిందా?” అంది అమ్మ, గడపలోనే.

“వందల కాకులొచ్చాయమ్మా,” అన్నాను.

నా సంగతి తెలిసిన మనిషి. ఒక్కటైనా వచ్చి ఉంటుందిలే అనుకుని, లోపలికి వెళ్ళి పడుకుంది.