లోకేశ్వరి టెస్ట్ లైటు

లోకేశ్వరి మా అంగడి పక్కన షట్టరు ఎత్తిన రోజు నుంచి నా వ్యాపారానికి శని పట్టుకుంది. ఈ మాట ఆమె ముందే అంటాను, నవ్వుతుంది. నా పేరు ముకుందం. తిరుపతిలో, రేణిగుంట రోడ్డు మీద బండ్ల కరెంటు సామాన్లు అమ్ముతాను. హారన్లు, బల్బులు, వైర్లు, అంబులెన్సుల నెత్తిన మెరిసే లైట్లు, ఏది కావాలన్నా నా దగ్గర దొరుకుతుంది. ఒకప్పుడు లైటు వెలగలేదంటే డ్రైవరు కొత్త లైటు కొనేవాడు. అదీ వెలగకపోతే స్విచ్చి కొనేవాడు. ఆ తర్వాత వైరు. నేను చల్లగా బతికేవాణ్ణి. ఇప్పుడు ఈ మహాతల్లి బండి కింద నుంచి తల బయటపెట్టి, "అన్నా, ఒక ఫ్యూజు ఇయ్యి సాలు" అంటుంది. ఒక్క ఫ్యూజు అమ్ముకుని నేను ఏ గంగలో దూకాలి?

ఆమెది పాకాల. వాళ్ళ నాయన పరంధామయ్య రైల్వేలో సిగ్నల్ దీపాల పని చేసేవాడు. ఆయన తెచ్చిన పాత వైరు ముక్కలే ఈమెకు చిన్నప్పటి ఆటవస్తువులు. చదువయ్యాక శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో చేరింది. కార్లకు వైర్ల కట్టలు కట్టడం అక్కడ పని. "పొద్దస్తమానం కడతానే ఉండాల. ఏ కారు కదిలిందో, ఏది ఆగిందో మనకు తెల్దు. ఇసుగు పుట్టింది" అని మానేసి వచ్చి ఇక్కడ బండ్ల కరెంటు రిపేరు బోర్డు పెట్టింది. మొదట్లో డ్రైవర్లు ఆమెను చూసి, "మెకానిక్ యాడ?" అని అడిగేవాళ్ళు. "నీ ఎదురుగానే ఉండాది. కనపడకపోతే ముందు కండ్ల డాక్టరు దగ్గరికి పో, బండి తర్వాత సూద్దాం" అనేది. పొగరు అనుకున్నారు. పొగరే. పని వచ్చినవాళ్ళకు కాస్త పొగరు ఉంటే ఎవడి సొమ్మేం పోయింది?

పనికి దిగే ముందు గాజులు తీసి డబ్బాలో వేస్తుంది. బ్యాటరీ దగ్గర దారమో పూలమాలో కనిపిస్తే మాత్రం డ్రైవరుకు మంగళహారతే. "దేవుడికి గుడి ఉండాది గదప్పా, ఈడ ఇరుకులో ఏల కూర్చోబెడతావు?" అంటుంది. ఆయుధపూజ అయ్యాక ఆమెకు చేతినిండా పని. మనవాళ్ళు ఆ రోజు బండిని ఎంత భక్తిగా కడుగుతారంటే నీళ్ళు పోని సందు మిగలదు.

పోయిన ఏడాది దీపావళి దాటాక భానుచందర్ వచ్చాడు. పుత్తూరులో ఒక ఆసుపత్రికి అంబులెన్సు నడుపుతాడు. అంతకుముందే నా దగ్గర కొత్త లైటు, కొత్త స్విచ్చి తీసుకుపోయి బిగించుకున్నాడు. ఆ పొద్దు మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అక్కా, వట్టి లైటు వేస్తే బాగా ఎలుగుతాది. సైరన్ వేసినానంటే ఆరిపోతాది. మొన్న కూడలి కాడ లారీవాడు నన్ను సూసుకోలేదు. పక్క అద్దం ఎగిరిపోయింది. లోపల పేషెంటు ఉన్నాడు. ఈ సాయంత్రానికి బాగు కాకపోతే తాళాలు ఇంకోడికి ఇచ్చేస్తానని మేనేజరు చెప్పినాడు."

వాడికి ఆ బండి తప్ప వేరే ఆధారం లేదు. ఇంట్లో తల్లి శకుంతలమ్మ, తను, అంతే. నాకూ పాపమనిపించింది. "ఇంతకన్నా మంచి లైటు ఒకటి ఉండాది, వేసి సూస్తావా?" అన్నాను. లోకేశ్వరి నా వైపు ఒక చూపు చూసింది. "అన్నా, నువ్వు కాసేపు నీ అంగట్లో కూర్చో."

కూర్చుంటానా? బండి పక్కనే నిలబడ్డాను. ఆమె కరెంటు ఎక్కడిదాకా వస్తుందో చూసే టెస్ట్ లైటు తీసింది. ఒక చిన్న బల్బు, రెండు వైర్లు, పట్టుకోవడానికి పాత స్క్రూడ్రైవరు పిడి. వాళ్ళ నాయన చేసిచ్చింది. లైటు ఒక్కటే వేయించి చూసింది. తర్వాత సైరన్ కూడా వేయమంది. లైటు ఆరింది, సైరన్ గొంతు కూడా బొంగురుపోయింది. లైటుకు వచ్చే వైరు దగ్గర మాత్రం ఆమె చేతిలోని బల్బు నిండుగా వెలుగుతూనే ఉంది.

"వచ్చే కరెంటు బాగుండాది," అంది. "తిరిగి పోయే దారిలోనే ఎవరో అడ్డం కూర్చోనుండారు."

బ్యాటరీ నుంచి వైరులో వచ్చిన కరెంటు, లైటు వెలిగించి, బండి ఇనుములోంచి మళ్ళీ బ్యాటరీకి చేరాలి. ఆ తిరుగుదారినే ఎర్తు అంటారు. ఈ బండిలో లైటుకు, సైరన్‌కు కలిపి ఎర్తు వైరు కప్పు లోపల ఒకే బోల్టుకు బిగించి ఉంది. వట్టి లైటు కొంచెం కరెంటుతోనే వెలుగుతుంది గనక ఎలాగో నెట్టుకొచ్చింది. సైరన్ బరువు కూడా పడేసరికి ఆ దారి మోయలేకపోయింది. లోకేశ్వరి కప్పు కింది రేకు విప్పింది. టార్చి వేసి చూసి, నన్ను రమ్మంది.

బోల్టుకు, వైరు కొసకు మధ్య ఒక పసుపు దారం చుట్టలు చుట్టి ఉంది. దాని మీద నట్టు బిగించేశారు. ఆయుధపూజనాటి నీళ్ళు పీల్చుకుని దారం నానిపోయి, చుట్టూ పచ్చగా చిలుము పట్టింది.

"ఎవురు కట్టింది?"

భానుచందర్ తల దించుకున్నాడు. "మా అమ్మ ఇచ్చింది. గంగమ్మ కాడ పూజ చేయించిన దారం. స్టీరింగుకు కడితే ఆసుపత్రిలో తుడిసేవాళ్ళు కోసేస్తారని, ఎవురూ తియ్యలేని సోట కట్టమనింది. నేనే నట్టు ఇప్పి సుట్టినా."

లోకేశ్వరి కత్తెర తీసింది. వాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దక్కా. మా అన్న రోడ్డు మీదనే పోయినాడు. ఈ దారం తియ్యనని అమ్మకు మాట ఇచ్చినా. ఉద్యోగం పోతే పోనీ."

 లోకేశ్వరి కత్తెర పక్కన పెట్టి, "మీ అమ్మకు ఫోన్ చెయ్యి" అంది. ఫోన్ తనే లాక్కుని, స్పీకరు పెట్టి మాట్లాడింది. "అమ్మా, నేను తిరపతిలో బండ్లకు లైట్లు బాగు చేసే లోకేశ్వరిని. నువ్వు ఇచ్చిన దారం లైటుకు అడ్డం పడి ఉండాది. దానివల్లే మొన్న లారీవాడికి నీ కొడుకు బండి కనపడలేదు."

లారీ సంగతి వాడు తల్లికి చెప్పలేదు. ఇంత కటువుగా ఎందుకు చెప్పాలి, రాక్షసి, అని నాకు ఒళ్ళు మండింది.  ముసలమ్మ మెల్లగా అంది.

"వాళ్ళన్న ఆటోకు ఎనక లైటు ఎలగలేదు తల్లీ. రోడ్డు పక్కన ఆపుకోనుంటే గుద్దేసినారు. లైటు రేపు సూపిస్తాలేమ్మా అన్నాడు ఆ పొద్దు. తీసెయ్యి. నా దారం ఉన్నా లేకపోయినా అది ఎలగాల."

లోకేశ్వరి కళ్ళు తుడుచుకుని, నట్టు విప్పి, దారాన్ని కోయకుండా చుట్ట తర్వాత చుట్టగా ఊడదీసింది. బోల్టును గరుకు ఉప్పు కాగితంతో మెరిసేదాకా రుద్దింది. వైరు కొసకు, బోల్టుకు తగిలించే కొత్త ఇత్తడి బిళ్ళ ఒకటి వేసి బిగించింది. ఆ పొద్దంతా నా అంగట్లో అమ్ముడుపోయింది ఆ బిళ్ళ ఒక్కటే.

"సైరన్ వెయ్యప్పా."

సైరన్ మోగింది. నీలం, ఎరుపు వెలుగు మా రెండు షట్టర్ల మీద పడి ఆడింది. భానుచందర్ వీడియో కాల్ చేసి తల్లికి చూపించాడు. ఆమె చాలని చెప్పేదాకా లైటు ఆపలేదు. సాయంత్రం కాకముందే తాళాలతో, కొలువుతో పుత్తూరుకు పోయాడు.

పోయే ముందు దారాన్ని ఏం చేయాలని అడిగాడు. లోకేశ్వరి తీసుకుని తన టెస్ట్ లైటు పిడికి కట్టుకుంది.

మొన్న హారన్ పని మీద ఒక ఆటోవాడు వచ్చాడు. ఆ దారం చూసి, "ఏమక్కా, మాకు దారాలొద్దని తిడతావు, నువ్వేమో కట్టుకోనుండావే" అని ఎగతాళి చేశాడు.

"హారన్ సంగతి తర్వాత," అంది లోకేశ్వరి. "ముందు నీ ఎనక లైటు వెయ్యి, సూస్తా."