కబురొచ్చిన రోజు నిచ్చెన వేయకూడదు

ఆ రోజుల్లో మా అత్తవారింట్లో మామగారి తరవాత అంత మర్యాద దక్కింది నిచ్చెనకే. దాని మీద తడిబట్టలు ఆరేయకూడదు, పిల్లలు ఎక్కి ఆడకూడదు, మామగారిని అడగకుండా ఎవరూ కదపకూడదు. మాది అంబాజీపేట దగ్గర పల్లె. కురిడీ కొబ్బరి మా బతుకు. (ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను: ముదురు కాయల్ని పీచు డొక్కతో సహా అటక మీద పేర్చి, నెలల తరబడి ముట్టుకోకుండా వదిలేయాలి. లోపల నీళ్లు మెల్లగా ఇంకిపోయి, కొబ్బరి చిప్పను వదిలేసి గుండులా తయారవుతుంది. ఊపితే గలగలమంటుంది. అప్పుడే దానికి మంచి ధర. తొందరపడి మధ్యలో దింపామా, అది కొబ్బరికాయా కాదు, కురిడీ కాదు, ఎందుకూ కొరగాదు.) అందుకే అటక నిండగానే మామగారు నిచ్చెన తీసుకుపోయి పశువుల పాకలో వాసానికి కట్టేసేవారు. ఆయన పెట్టిన కట్టడి ఒక్కటే: ధర గురించి కబురొచ్చిన రోజు నిచ్చెన వేయకూడదు. పెరిగిందన్న కబురైనా సరే, పడిపోయిందన్న కబురైనా సరే. తెల్లారి, వేడి చల్లారాక, అప్పటికీ అదే బుద్ధి ఉంటే వేసుకోవచ్చు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, నాకు ఒళ్లు మండి. మా పెద్దమ్మాయి కూతురు నా దగ్గరే ఉండి అమలాపురంలో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు కంప్యూటరు చెబుతుంది. బుద్ధిమంతురాలే, కాదనను. కానీ ఈ వేసవిలో దానికి క్రిప్టో పట్టింది. అంటే కంటికి కనబడని, చేతికి తగలని నాణెం; ఫోన్లోనే కొనాలి, ఫోన్లోనే అమ్మాలి. అందులో మంచివీ చెడ్డవీ ఉంటాయట, ఉండనీ. ఇది మాత్రం ఏరి ఏరి గుడ్లగూబ బొమ్మ ఉన్న నాణెం కొనుక్కుంది. గుడ్లగూబ ఇంటి కప్పు మీద వాలితేనే శాంతి చేయించుకునే వంశం మాది. ఇది జీతం డబ్బులిచ్చి మరీ తెచ్చుకుంది. ఎందుకు కొన్నావే అంటే అందరూ కొంటున్నారంది. ఆ 'అందరూ' ఎవరని అడిగితే ఫోను చూపించింది. అందులో ఒకాయన కుర్చీలో గిరగిరా తిరుగుతూ, ఇవాళ కొనకపోతే జీవితాంతం ఏడుస్తారని చెబుతున్నాడు. నేను ఏడవాలో వద్దో చెప్పడానికి ఆయనెవరండీ? నా మొగుడు పోయినప్పుడు కూడా ఎంతసేపు ఏడవాలో నాకు ఎవరూ చెప్పలేదు.

గుడ్లగూబ తీరా పెరిగి కూర్చుంది. తరిగితే బాగుండేది, రోగం అక్కడే కుదిరేది. పెట్టింది రెట్టింపయ్యేసరికి దీనికి అన్నం సయించడం మానేసింది. ముద్ద కలుపుతూ ఫోను చూడటం, పెరిగితే నన్ను వాటేసుకోవడం, కాస్త దిగితే కంచం తోసేయడం. (ఉప్పు ఎక్కువైనా కంచం తోయనివ్వని ఇల్లు మాది.) పిల్ల మొహం చూసి రేటు చెప్పేయగలిగే స్థితికి వచ్చాను నేను. అలాంటి ఒక ఆదివారం మధ్యాహ్నం చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి నిలబడింది. చిన్నప్పుడు పంచదార డబ్బా పగలగొట్టిన రోజునా ఇలాగే నిలబడింది.

"అమ్మమ్మా, అటక మీద కాయలు ఇవాళే అమ్మేద్దామే."

ఆ కాయలు దాని బీఈడీ చదువు. నేను వాటిని అందుకోసమే పేర్పించానని దానికీ తెలుసు. కాలేజీలో చేరేనాటికి అవి ఎండుతాయి, ఆ డబ్బుతో ఫీజు కట్టేస్తాం, ఒకరి దగ్గర చెయ్యి చాచక్కరలేదు, అదీ లెక్క. ఇప్పుడవి సగం పచ్చి. వచ్చిన కాడికి అమ్మేసి గుడ్లగూబలో పెడితే, చేరే వేళకి నాలుగింతలవుతుందట. పైగా కొబ్బరి వ్యాపారికి అప్పటికే ఫోన్ చేసేసింది, సాయంత్రం వచ్చేస్తాడు. నాతో సంప్రదించడం నిచ్చెన కోసమే అన్నమాట.

ఎందుకే అంత తొందర అన్నాను. "ఇవాళ రాత్రికి ఎగిరిపోద్దంట అమ్మమ్మా, ఆయన చెప్పేడు" అంది. ఆ మాటతో నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ కుర్చీ మనిషిని నేను ఎరుగుదును. ఫోన్లో కాదు, నా కాపురం కొత్తలో, మా అరుగు మీద చూశాను. నాలుగో తరగతితో చదువు మానేసినదాన్నే గానీ మనుషుల గొంతులు మరిచిపోయే రకం కాదు నేను.

అరుగు మీద నేను చూసినాయన ఒక కొబ్బరి దళారీ. ఏ సరుకైనా, ఏ రేటైనా 'ఇవాళే' అన్న మాట లేకుండా నోరు తెరిచేవాడు కాదు గనక ఆడవాళ్లమంతా చాటున 'ఇవాళేగారు' అనేవాళ్లం. అప్పుడు నేను కొత్త కోడల్ని. కురిడీ మంచి ధర పలికితే కుట్టుమిషను కొంటానని మా ఆయన నాకు మాటిచ్చారు. ఇంతలో ఒకరోజు పొద్దున్న అంబాజీపేటలో ధర మండిపోతోందని ఊరంతా గుప్పుమంది. నా చెవిలో ఇక మిషను చప్పుడే. పప్పు పోపు మాడ్చాను, రెండోసారి మాడ్చాను. ఆ రోజు అటక మీద చివరి వరస సర్దుతున్నారు కాబట్టి నిచ్చెన ఇంకా వేసే ఉంది. మధ్యాహ్నం మామగారు కునుకు తీస్తుంటే, చీర కుచ్చిళ్లు బొడ్లో దోపి అటకెక్కేశాను. ఒక్క కాయ ఊపి చూద్దామని, అంతే. మొదటి కాయ బుడుక్కుమంది. రెండోదీ అంతే. ఇంకోటి చూద్దాం, మరొకటి చూద్దాం అనుకుంటూ లోపలికి పాక్కుంటూ పోయాను. నిన్నటి నీళ్లు ఇవాళ నా కోసం ఇంకిపోతాయన్నట్టు.

కింద దగ్గు వినపడింది. మామగారు లేచారు. నిచ్చెన చూశారు. ఊరంతా ధర గోల, ఇంట్లో నిచ్చెన నిలబడి ఉండటమేమిటని గొణుక్కుంటూ, దాన్ని భుజానికెత్తుకుని పాకవైపు వెళ్లిపోయారు. పిలుద్దామంటే మామగారి ముందు కోడలు నోరెత్తే కాలం కాదది. దూకుదామంటే కింద రుబ్బురోలు. వంటింటి పొగంతా పైకే వస్తోంది; తుమ్ము వస్తే చీర చెంగు నోట్లో కుక్కుకున్నాను. గొంతు ఎండిపోతోంది. చుట్టూ వేల కాయలు, లోపల నీళ్లున్న కాయలు, తాగడానికి కత్తి లేదు. కింద మా అత్తగారు, కోడలు చెరువుకెళ్లిందేమో, పుట్టింటికెళ్లిందేమో అని నా గుణగణాలు తీరిగ్గా చెప్పుకుంటున్నారు.

అప్పుడొచ్చాడు ఇవాళేగారు. అటక కొసన గాలి కోసం వదిలిన కంతలోంచి మా అరుగూ కనబడుతుంది, పక్కింటి అరుగూ కనబడుతుంది. మా ఆయన పక్కన కూర్చుని, చెవిలో చెబుతున్నట్టు చెబుతూ ఊరంతా వినేలా చెబుతున్నాడు. "మీరు మావాళ్లని చెప్తున్నానండి. ఈ మండిపోడం ఇవాళేనండి. రేపటికి పడిపోద్దండి. పచ్చో పండో, ఇవాళే ఇచ్చేయండి." మా ఆయన మెత్తనివారు, అప్పటికే సగం లేచి నిలబడ్డారు. మామగారు ఆకు నములుతూ, ఇవాళ మా ఇంట్లో నిచ్చెన లేదండీ, రేపు రండి అన్నారు, అంతే. ఎంత గింజుకున్నా ఆ ఒక్క మాటే.

ఇవాళేగారు లేచి కండువా దులుపుకుని నేరుగా పక్కింటి పెదనాన్నగారి అరుగెక్కాడు. అక్కడా అదే గుసగుస, అదే ఆప్యాయత. "మీరు మావాళ్లని చెప్తున్నానండి. రేపటికి ఇంకా పెరుగుద్దండి. నా దగ్గర కొంచెం సరుకుంది, ఇవాళే కొనిపడేయండి."

మామగారు నమిలే ఆకు ఇంకా ఎర్రబడనే లేదు. అదే నోరు! నాకు కొత్త కోడలినన్న సంగతి, అటక, మామగారు, అన్నీ మరుపున పడ్డాయి. కంతలోంచి మొహం పెట్టి, నా శక్తికొద్దీ అరిచాను.

"ఏవండోయ్, ఇందాకా మా అరుగు మీద పడిపోద్దన్నారు కదండీ?"

ఇవాళేగారు ముందు ఆకాశంలోకి చూశాడు. తరవాత పెదనాన్నగారి వైపు చూశాడు. ఆ తరవాత చెప్పులు అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. నా గొంతు మామగారు వినడం అదే మొదలు, అదీ పై నుంచి. కాసేపటికి పాకలోంచి నిచ్చెన ఆయనే మోసుకొచ్చి అటకకి ఆనించి, మొహం అటు తిప్పుకుని అన్నారు: "కబురొచ్చిన రోజు నిచ్చెన వేయకూడదనుకున్నానమ్మా. ఇవాళ తప్పింది కాదు. దిగు." నేను బూజుతో, పొగతో, చూరు కింద గబ్బిలంలా దిగాను. మర్నాడు ధర పెరిగిందో తగ్గిందో నాకు గుర్తే లేదు. కాయలు ఎండాక అమ్మారు, ఎండిన కాయకు రావలసిన ధర వచ్చింది. మిషను వచ్చింది. ఇప్పటికీ కుడుతుంది.

ఈ కథంతా చెప్పి, దూలానికి ఆనించి ఉన్న నిచ్చెన తీయించి పెరట్లో పెట్టించాను. సాయంత్రం వ్యాపారి మోటార్ సైకిలు మీద వచ్చి, సంగతి విని అతనే నొచ్చుకున్నాడు. "పచ్చి మీద దింపేత్తారేంటండీ, ఏవైనా ఆపదా?" అన్నాడు. ఆపదేనయ్యా, ఫోన్లో ఉంది అన్నాను. ఇవాళ నిచ్చెన లేదని పంపేశాను. పిల్ల నా వైపు చూసిన చూపు మా శత్రువులు కూడా చూడలేదు. తెల్లారాక కూడా ఇదే మాటంటే నిచ్చెన నేనే పట్టుకుంటానని మాటిచ్చాను.

తెల్లారేసరికి గుడ్లగూబ ఇంకా పెరిగింది. నా ఖర్మ. పిల్ల ఫోను నా మొహం ముందు పెట్టింది. మాట మాటే గదా. నిచ్చెన తెప్పించి నేనే పట్టుకున్నాను. విసవిసా ఎక్కింది. కాయ తీసిన చప్పుడు, చెవి దగ్గర ఊపిన చప్పుడు. మరొకటి. ఇంకొకటి. ఎక్కినంత వేగంగా దిగలేదు.

"ఇంకా నీళ్లున్నాయి అమ్మమ్మా" అంది.

"మరి ఫోన్లో?"

"అందులో ఏవుందో ఊపి చూడ్డానికి కుదరట్లేదే" అని, అక్కడే మెట్టు మీద కూర్చుని ఏడ్చింది, నవ్వింది. ఆ పూటే కూర్చుని, తన జీతంలోంచి పెట్టిన అసలు వెనక్కి తీసేసుకుంది. పోతే పోయిందనుకోగలిగినంత మాత్రం ఉంచింది. ఎప్పుడు అమ్మాలో ముందే అనుకుంది, ఫోన్లో ఎవరు అరిచినా అది మార్చనంది. ఎవరైనా ఇవాళే అంటే రేపు చూస్తానంటుందట. ఆ వారం చివరికే గుడ్లగూబ రేటు కుప్పకూలి, అది ఎక్కడికో ఎగిరిపోయింది, కుర్చీ మనిషి పావురం బొమ్మ నాణెం గురించి చెబుతున్నాడట. (ఆయన చెప్పులు ఎక్కడ వదిలాడో మరి.) ఇది గెలుపని నేను అననండీ. పెరిగి ఉంటే పిల్ల నన్ను ఈ జన్మకు క్షమించేది కాదు, అదీ నాకు తెలుసు. అయినా నిచ్చెన తీసేసేదాన్నే.

ఇప్పుడు వంటింట్లో కూర్చుని కూర తరుగుతూ ఒక్కోసారి పైకి చూస్తాను. చెంగు నోట్లో కుక్కుకుని, కాయ చెవి దగ్గర పెట్టుకుని, మిషను చప్పుడు వింటున్న ఆ బూజు మొహం కొత్త కోడలు పిల్ల ఇంకా అక్కడే ఉన్నట్టుంటుంది. కిందకి దిగవే అని పిలవాలనిపిస్తుంది. మళ్లీ నాకే నవ్వొస్తుంది. ఉండనీ. కాయలింకా ఎండలేదు.