యానాంలో ఉబ్బిపోయిన ఆరు త్రికోణాలు

యానాం వెళ్ళేవాళ్ళు సాయంత్రం గోదావరి గాలి కోసం వెళ్తారు. నేను చీవాట్లు తినడానికి వెళ్ళాను. హైదరాబాదులో నాకు చిన్న ఫర్నిచర్ వర్క్‌షాప్ ఉంది. మాకు పేరు తెచ్చింది ఆరు త్రికోణపు బల్లల సెట్టు. ఆరూ చుట్టూ చేరిస్తే షట్కోణపు భోజనాల బల్ల, అటొకటి ఇటొకటి తిప్పి వరసగా పేరిస్తే మంచం, ఒకదానిమీద ఒకటి ఎక్కిస్తే ఎత్తైన అరుగు. యానాంలోని కనకాలపేటలో బట్టలు కుట్టే సత్యవతి గారు పోయినేడాది ఒక సెట్టు కొన్నారు. మొన్న వరద తగ్గాక ఫోటో పంపారు. ఒక్క అంచూ ఇంకో అంచుకి అతకడం లేదు. కింద ఒకటే మాట, ‘ఒక్కసారొచ్చి చూడండి.’

రైలు ఉదయాన్నే కాకినాడలో దింపింది. అమలాపురం వైపు వెళ్ళే బస్సెక్కితే యానాం గంట ప్రయాణం, టికెట్టు యాభై రూపాయల లోపే. అక్కడినుంచి కనకాలపేటకి షేర్ ఆటో ఇరవై.

"ఎవరింటికండి?" అన్నాడు డ్రైవరు.

"మిషన్ కుట్టే సత్యవతి గారింటికి."

"ఇంకెక్కడి మిషనండీ! గోదారి తినేసింది గదండీ."

పదకొండింటికి వెళ్ళేసరికి ఆవిడ చేత్తో కాజాలు కుడుతున్నారు. గోడకి మోకాలెత్తున బురద చార. నన్ను తిట్టలేదు సరికదా, కాఫీ ఇచ్చారు.

"వరదొస్తే మంచం కోళ్ళకింద ఇటికలెట్టి, మిషను మంచమ్మీదకి ఎక్కించేవాళ్ళమండి. మా అత్తగారప్పట్నుంచీ అంతే. మీ బల్లలే మంచం గదాని పాత మంచం ఇచ్చేశానండి. ఈసారి మూడు కింద, మూడు పైన ఎట్టి, దాని మీద మిషనెట్టాను. మీ వీడియోలో బల్లమీద గ్లాసుడు నీళ్ళుపోసి గుడ్డతో తుడిచేశారు గదండీ! ఇక్కడ రెండోరోజుకే కిందవి నాని కూలిపోయినయ్యండి. మిషను మోటారు బురదలో పడింది. బాగవదన్నారు."

"కొత్త సెట్టు పంపిస్తానండి," అన్నాను.

ఆవిడ నవ్వారు. "గోదారి మళ్ళీ రాదాండీ? పోన్లెండి, మీకు మాత్రం ముందే ఏం తెలుస్తాదండి!"

నేను అవునన్నట్టు తలూపాను.

మధ్యాహ్నం రెండింటికి తిరుగు బస్సెక్కాను. అరవై డిగ్రీల కోణాలు ఆరు కలిస్తే నిండు చుట్టు అవుతుందని ఎవరికైనా గంటసేపు చెప్పగలను. ఆ బల్లలు దేనితో చేసినవని మాత్రం ఎవరూ అడగరు, రంపపు పొట్టు అదిమిచేసిన బోర్డని నేనూ చెప్పను. మంచి చెక్క వాడితే ఆ ధరకి ఎవరు కొంటారని ఇన్నాళ్ళూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇటుకలూ పాత మంచమూ చేసే పని నా లెక్కలు చెయ్యలేకపోయాయి. ఆవిడ తిట్టినా బాగుండేది. సిగ్గుగా ఉంది.

నదుల పక్క ఊళ్ళకి ఇలాంటి ఫర్నిచర్ కొనేవాళ్ళకి ఒకటే సలహా. అమ్మేవాళ్ళని ఆ బోర్డు ముక్క ఒకటి అడిగి తీసుకుని, బకెట్ నీళ్ళలో ఒక రోజంతా నానబెట్టి చూడండి. నేనూ చూశాను. మొదటి సెట్టు అమ్మకముందే.